ముగ్గురి ల్యాప్‌టాపులు, ఒకటే వెబ్ అప్లికేషన్: వర్చువల్ మెషీన్ ఎలా సిద్ధం చేసుకోవాలి?

బీటీఎం బాటసారి
శనివారం, రాత్రి 9:12

సభ్యులందరికీ నమస్కారం. నేను బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో ఒక పీజీలో ఉంటూ, వారాంతాల్లో మా తెలుగు సంఘం గ్రంథాలయానికి చెందిన చిన్న వెబ్ అప్లికేషన్‌ను చూసుకుంటున్నాను. ఏయే పుస్తకాలున్నాయి, ఎవరు ఏది తీసుకెళ్లారు, ఎప్పటికి తిరిగివ్వాలి అన్నవే అందులో ఉంటాయి. పైథాన్ భాషలోని జాంగో అనే చట్రంతో రాసిన అప్లికేషన్. వెనుక సమాచారం దాచే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, ముందు బ్రౌజర్ల పిలుపులను అందుకునే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్. దీన్ని మొదట రాసినాయన ఉద్యోగం మారి ఊరు విడిచి వెళ్లడంతో మేము ముగ్గురం దాన్ని అందుకున్నాం.

సర్వర్‌లో ఉబుంటు 22.04 (లినక్స్‌లో ఒక రకం) ఉంది, అంటే పైథాన్ 3.10, పోస్ట్‌గ్రెస్ 14; అన్నీ నేరుగా దాని మీదే ఎక్కించి ఉన్నాయి. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. రెండో అతనిది ఉబుంటు 24.04, మూడో ఆమెది ఎం2 చిప్పు ఉన్న మ్యాక్‌బుక్. గత నెల నేను రాసిన ఒక పేజీ నా దగ్గర చక్కగా తెరుచుకుంది కానీ, సర్వర్‌కు ఎక్కించగానే టెంప్లేటు (పేజీ మూస) దొరకలేదంటూ 500 అనే సర్వర్ లోపం చూపించింది. ఫోల్డరు పేరు ఒకచోట పెద్ద అక్షరంతోను, ఇంకోచోట చిన్న అక్షరంతోను రాసి ఉండడమే కారణమని తెలుసుకోవడానికి మూడు గంటలు పట్టింది. విండోస్‌కు ఆ రెండూ ఒకటే, లినక్స్‌కు వేర్వేరు.

అందుకని సర్వర్ లాంటి లినక్స్‌నే నా ల్యాప్‌టాప్ లోపల వర్చువల్ మెషీన్‌గా, అంటే కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌గా, నడుపుదామని ఈ రోజు వర్చువల్‌బాక్స్ ఎక్కించి, ఉబుంటు డెస్క్‌టాప్ ఐఎస్ఓ (ఇన్‌స్టాలేషన్ ఫైలు) దించుకుని, అందులో ఒక్కొక్కటే ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చున్నాను. పొద్దున మొదలుపెడితే చీకటి పడింది, ఫ్యాన్ మాత్రం పిండి రుబ్బుతున్నట్టు మోగుతూనే ఉంది. ఇంతా చేశాక నా సందేహం ఒక్కటే: మిగతా ఇద్దరూ ఇదంతా మొదటి నుంచీ మళ్లీ చేయాలా?

పాతకాపు
శనివారం, రాత్రి 10:05

బాటసారి గారూ, ఈ రోజు మీరు చేతితో చేసిన ప్రతి పనినీ ఒక కాగితం మీద రాసిపెట్టుకుని, ఆ మెషీన్‌ను నిస్సంకోచంగా తుడిచేయండి. మీకు మిగలవలసింది ఆ కాగితమే, మెషీన్ కాదు. చేతితో పెంచిన వర్చువల్ మెషీన్ రెండు నెలలు గడిచేసరికి మీరు వదిలించుకోవాలనుకున్న పాత సమస్యగానే మారుతుంది; అందులో ఏముందో దాన్ని తయారుచేసిన మనిషికి కూడా గుర్తుండదు.

కాగితం స్థానంలో వేగ్రాంట్ అనే పనిముట్టు వాడండి. ఇది 2010 నుంచి ఉన్నదే. మీ ప్రాజెక్టు ఫోల్డరులో వేగ్రాంట్‌ఫైల్ అనే పేరుతో ఒక చిన్న ఫైలు ఉంటుంది. ఏ బాక్సు (ముందే తయారైన మెషీన్ నమూనా) నుంచి మొదలుపెట్టాలి, ఎంత మెమరీ ఇవ్వాలి, ఏ పోర్టు (నెట్‌వర్కు ద్వారం) బయటికి తెరవాలి, తొలిసారి లేచినప్పుడు ఏ షెల్ స్క్రిప్టు (ఆదేశాల వరుస ఉన్న ఫైలు) నడపాలి అన్నవి అందులో రాస్తారు. ఆ తరువాత 'వేగ్రాంట్ అప్' అంటే మెషీన్ లేస్తుంది, 'వేగ్రాంట్ డెస్ట్రాయ్' అంటే ఆనవాలు లేకుండా పోతుంది, మళ్లీ 'అప్' అంటే అదే మెషీన్ మళ్లీ పుడుతుంది. ఆ ఫైలూ, స్క్రిప్టూ మీ కోడుతోపాటు దాని మార్పులను భద్రపరిచే గిట్‌లోనే ఉంటాయి కాబట్టి మిగతా ఇద్దరూ ఆ కోడు భాండారాన్ని, అంటే రెపోను, దించుకుని ఒక ఆదేశం ఇస్తే సరిపోతుంది.

మీ పరిస్థితికి నేను ఇచ్చే కొలతలు ఇవి. డెస్క్‌టాప్ వద్దు, తెర లేని సర్వర్ బాక్సు చాలు. మీరు చూసేది విండోస్‌లోని బ్రౌజరులోనే కదా. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో మెషీన్‌కు 2 జీబీ, రెండు ప్రాసెసర్ కోర్లు ఇవ్వండి. ఇంకా ఎక్కువ ఇస్తే లోపలి మెషీన్ హాయిగా ఉంటుంది కానీ బయట విండోస్ డిస్కు మీద పడి ఊపిరాడక కొట్టుకుంటుంది. సర్వర్ 22.04 అయితే బాక్సు కూడా 22.04 అయి తీరాలి. కొత్తది ఉంది కదా అని 24.04 పెట్టారంటే పైథాన్ 3.12, పోస్ట్‌గ్రెస్ 16 వస్తాయి, మొదటికే మోసం వస్తుంది. ఉబుంటు వారు 24.04 నుంచి సొంతంగా వేగ్రాంట్ బాక్సులు విడుదల చేయడం మానేశారు. 2023 ఆగస్టులో వేగ్రాంట్ లైసెన్సు మారడమే అందుకు కారణం. మీలాంటి సొంత వాడకానికి ఆ లైసెన్సు అడ్డు రాదు. బెంటో అనే పేరుతో వచ్చే ఉబుంటు 22.04 బాక్సు వాడుకోండి.

ఒక హెచ్చరిక. ఆ షెల్ స్క్రిప్టు మెషీన్ మొదటిసారి లేచినప్పుడు మాత్రమే దానంతటది నడుస్తుంది. తరువాత స్క్రిప్టులో మార్పులు చేసి 'ఏమీ మారలేదేమిటి' అని తల పట్టుకునేవారిని చాలామందిని చూశాను. అప్పుడు 'వేగ్రాంట్ ప్రొవిజన్' అని విడిగా అడగాలి. కాబట్టి ఆ స్క్రిప్టును రెండోసారి నడిపినా నష్టం కలగని విధంగా రాసుకోవాలి. ఉదాహరణకు డేటాబేస్ ఇప్పటికే ఉంటే మళ్లీ సృష్టించబోయి మధ్యలో ఆగిపోకూడదు.

మారతహళ్లి మజ్జిగ
శనివారం, రాత్రి 10:31

ఇంత చిన్న అప్లికేషన్ కోసం ఒక పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్‌ను మోయడం నాకు అనవసరంగా అనిపిస్తోంది. ఒక్కో ప్రోగ్రామును కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే డాకర్ ఉంది కదా, అందులో ఒక కంపోజ్ ఫైలు రాస్తే పోస్ట్‌గ్రెస్ ఒక కంటైనర్, జాంగో ఒక కంటైనర్, ఎన్‌జిన్‌ఎక్స్ ఒక కంటైనర్, అరగంట పని. 2013లో డాకర్ వచ్చాక కూడా వేగ్రాంట్ గురించి మాట్లాడుకోవడం, మెట్రో పక్కనే ఉండగా అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆటో కోసం నిలబడినట్టుగా ఉంది.

పాతకాపు
ఆదివారం, ఉదయం 7:20

మజ్జిగ గారూ, మీ మారతహళ్లిలో మెట్రో ఎక్కే రోజు వచ్చాక ఆ పోలికను మళ్లీ చూద్దాం.

విషయానికి వస్తే, విండోస్ మీదా మ్యాక్ మీదా డాకర్ నడవాలంటే అడుగున ఒక లినక్స్ వర్చువల్ మెషీన్ ఉండాల్సిందే. కంటైనర్లు పంచుకునేది లినక్స్ కెర్నెల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను) కాబట్టి, అది లేనిచోట దాన్ని దాచిపెట్టి నడుపుతారు. అందువల్ల 8 జీబీ ల్యాప్‌టాప్‌కు బరువు తప్పదు, ఆ బరువు కనిపించకుండా ఉంటుంది అంతే.

అంతకంటే ముఖ్యమైన కారణం వీరి సర్వర్. అది కంటైనర్లలో నడవడం లేదు. అందులో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సేవలను లేపి నడిపేది) సేవగా జాంగో, ప్యాకేజీగా ఎక్కించిన పోస్ట్‌గ్రెస్, రాత్రిపూట బ్యాకప్ తీసే క్రాన్ (చెప్పిన వేళకు పనులు నడిపేది), లాగ్ ఫైళ్లను తిప్పే ఏర్పాటు ఉంటాయి. ఆ సర్వర్ పాడైన రోజున దాన్ని నిలబెట్టాల్సింది ఈ ముగ్గురే. రేపు సర్వర్‌లో చేయవలసిన పనిని ఇవాళ తమ ల్యాప్‌టాప్‌లో అచ్చంగా అలాగే చేసి చూసుకునే అవకాశం వర్చువల్ మెషీన్ ఇస్తుంది. సర్వర్‌ను కూడా కంటైనర్లకు మార్చే ఉద్దేశం ఉంటే మీ మాటే సరైనది, నేనూ అదే చెబుతాను.

మారతహళ్లి మజ్జిగ
ఆదివారం, ఉదయం 8:02

సర్వర్ అలా ఉందని నేను గమనించలేదు. ఈ సందర్భానికి ఒప్పుకుంటున్నాను.

బీటీఎం బాటసారి
ఆదివారం, ఉదయం 11:48

పాతకాపు గారూ, మీరు చెప్పినట్టే పాత మెషీన్ తుడిచేసి వేగ్రాంట్ ఎక్కించాను. మొదటిసారి 'అప్' అన్నప్పుడు వీటీ-ఎక్స్ అందుబాటులో లేదంటూ ఆగిపోయింది. బయోస్‌లోకి వెళ్లి వర్చువలైజేషన్ అన్న మీట ఆన్ చేశాక మెషీన్ లేచింది కానీ ప్రతి పనీ ఈడ్చుకుంటూ సాగుతోంది. ప్యాకేజీలు ఎక్కడానికే నలభై నిమిషాలు పట్టింది. వర్చువల్‌బాక్స్ కిటికీ అడుగున చిన్న ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఒకటి కనిపిస్తోంది. అది అలంకారమా, హెచ్చరికా?

ఎస్పీ రోడ్డు
ఆదివారం, మధ్యాహ్నం 12:15

హెచ్చరికే. ఆ తాబేలు కనిపించిందంటే ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సౌకర్యాన్ని విండోస్‌కు చెందిన వర్చువల్ మెషీన్ ఏర్పాటు హైపర్-వీ ముందే తన చేతిలోకి తీసుకుందనీ, వర్చువల్‌బాక్స్ దాని మీద ఆధారపడి నెమ్మదిగా నడుస్తోందనీ అర్థం. ఇంటెల్ 2005లో వీటీ-ఎక్స్‌ను, మరుసటి ఏడాది ఏఎండీ తన ఏఎండీ-వీని తెచ్చిన ఉద్దేశమే లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ ఆదేశాల్లో చాలా భాగం మధ్యవర్తి లేకుండా నేరుగా ప్రాసెసర్ మీద నడవాలని. ఆ దారిని ఒకేసారి ఇద్దరు యజమానులు సరిగా పంచుకోలేరు.

విండోస్ ఫీచర్ల జాబితాలో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ అన్న మూడింటి టిక్కులు తీసేయండి. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటిగ్రిటీ అన్నది ఆన్‌లో ఉన్నా హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే పొర) లేస్తుంది; చాలామంది కొత్త ల్యాప్‌టాపుల్లో చిక్కుకునేది అక్కడే. అయితే అది ఒక రక్షణ ఏర్పాటు కాబట్టి, దాన్ని తీయడమా, తాబేలును భరించడమా అన్నది తెలిసి నిర్ణయించుకోండి. ఆఫీసు వారు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ముట్టుకోవద్దు. మీరు విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 వాడుతున్నట్లయితే ఈ మార్పుతో అది ఆగిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

ఇక ర్యామ్ సంగతి. వెనుక మూత తీస్తే రెండో స్లాటు ఖాళీగా ఉండే ల్యాప్‌టాపులు చాలా ఉన్నాయి, మదర్‌బోర్డుకే అతికించినవీ ఉన్నాయి. ముందు అది చూసుకుని ఆ తరువాత కంప్యూటర్ దుకాణాలుండే మా ఎస్పీ రోడ్డుకు రండి. డీడీఆర్4, డీడీఆర్5 రకాల ర్యామ్ పలకల గాడులు వేర్వేరు చోట్ల ఉంటాయి, ఒకదాని స్లాటులో ఇంకొకటి దిగదు. ఇప్పుడున్న పలక మీది చీటీని ఫొటో తీసుకుని వస్తే దుకాణంలో బేరం కూడా త్వరగా తేలుతుంది. ఆదివారాలు చాలా షట్టర్లు మూసి ఉంటాయి కాబట్టి శనివారం మధ్యాహ్నంలోగా రావడం మంచిది.

బీటీఎం బాటసారి
ఆదివారం, సాయంత్రం 4:37

ఇది నా సొంత ల్యాప్‌టాపే. హైపర్-వీ తీసేశాను, తాబేలు వెళ్లిపోయింది. అదే స్క్రిప్టు ఇప్పుడు పద్నాలుగు నిమిషాల్లో పూర్తయింది.

ఇప్పుడు ఇంకో చిక్కు. మెషీన్ లోపలికి ఎస్ఎస్‌హెచ్‌తో (బయటి నుంచి ఆదేశాలిచ్చే దారితో) వెళ్లి జాంగోలోని పరీక్షా సర్వర్ రన్‌సర్వర్ నడిపితే 127.0.0.1:8000 దగ్గర నడుస్తున్నట్టు చెబుతోంది. లోపలి నుంచే కర్ల్ అనే ఆదేశంతో అడిగితే పేజీ వస్తోంది. వేగ్రాంట్‌ఫైల్‌లో లోపలి 8000ను బయటి 8000కు కలిపాను. అయినా విండోస్ బ్రౌజరులో కనెక్షన్ తెగిపోయిందనే సందేశమే వస్తోంది.

హెబ్బాళ చెరువు
ఆదివారం, సాయంత్రం 5:10

బాటసారి గారూ, 127.0.0.1 అంటే ఎవరికి వారే. మీ విండోస్‌లో ఆ మాట అంటే మీ విండోస్, వర్చువల్ మెషీన్ లోపల అదే మాట అంటే ఆ వర్చువల్ మెషీన్. మీ జాంగో ఇప్పుడు గదిలో తలుపు వేసుకుని తనలో తాను మాట్లాడుకుంటోంది. చిరునామాలు మార్చి పంపే వర్చువల్‌బాక్స్ ఎన్ఏటీ బయటి నుంచి తెచ్చిన పిలుపును లోపలి మెషీన్‌కు చెందిన 10.0.2.15 అనే చిరునామా దగ్గర అందిస్తుంది. ఆ చిరునామా వద్ద వినేవారు ఎవరూ లేరు కాబట్టి పిలుపు తిరిగి వెళ్లిపోతోంది. రన్‌సర్వర్‌ను 0.0.0.0:8000 అని ఇచ్చి నడపండి. అన్ని ముఖాల మీదా విను అని దాని అర్థం.

అయితే ఇక్కడితో ఆపితే మీకు అన్యాయం చేసినవాడినవుతాను. వేగ్రాంట్‌లో పోర్టు కలిపేటప్పుడు హోస్ట్ ఐపీ ఏదో చెప్పకపోతే మీ ల్యాప్‌టాప్ తన అన్ని నెట్‌వర్కుల మీదా ఆ పోర్టును తెరుస్తుంది. మీ పీజీలో నలభై మంది ఒకే వైఫై వాడుతూ ఉంటారనుకుంటాను. విండోస్ ఫైర్‌వాల్ మొదటిసారి అడిగినప్పుడు మీరు 'అనుమతించు' అని నొక్కి ఉంటే, డీబగ్ (లోపాల వివరాలన్నీ చూపే స్థితి) ఆన్‌లో ఉన్న మీ జాంగో పేజీని పక్క గదివారు కూడా చూడగలరు. కాబట్టి వేగ్రాంట్‌ఫైల్‌లో ఆ పోర్టు లైనులోనే హోస్ట్ ఐపీ 127.0.0.1 అని చేర్చండి. లోపల 0.0.0.0, బయట 127.0.0.1. చాలామంది దీన్ని పూర్తిగా తలకిందులుగా పెట్టుకుంటారు.

పోర్టులకు బదులు మెషీన్‌కు విడిగా 192.168.56.10 లాంటి చిరునామా ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అప్పుడు జాంగో సెట్టింగులలోని అలౌడ్ హోస్ట్స్ జాబితాలో ఆ చిరునామాను చేర్చాలి, లేకపోతే 400 అనే పొరపాటు సందేశం వస్తుంది. డీబగ్ ఆన్‌లో ఉండి ఆ జాబితా ఖాళీగా ఉన్నప్పుడు జాంగో లోకల్‌హోస్ట్ పేర్లను మాత్రమే రానిస్తుంది. మీ రెండో మిత్రుడు లినక్స్ వాడుతున్నారు కాబట్టి ఆయనకు ఇంకొక మాట: వర్చువల్‌బాక్స్ 6.1.28 నుంచి లినక్స్, మ్యాక్‌లలో హోస్ట్-ఓన్లీ నెట్‌వర్కుకు (ల్యాప్‌టాప్‌కూ లోపలి మెషీన్లకూ మధ్య మాత్రమే ఉండేదానికి) 192.168.56 నుంచి 192.168.63 వరకు ఉన్న శ్రేణినే అనుమతిస్తారు. పాత వ్యాసాల్లో కనిపించే 192.168.33.10ని నకలు చేస్తే పొరపాటు సందేశం వచ్చి ఆగిపోతుంది.

బీటీఎం బాటసారి
ఆదివారం, సాయంత్రం 5:26

పేజీ తెరుచుకుంది! పోర్టును కూడా మీరు చెప్పినట్టే బిగించాను. పీజీలో ఉన్నది నలభై కాదు, అరవై మంది.

వైట్‌ఫీల్డ్ వానకోయిల
సోమవారం, రాత్రి 8:50

నేను ముందు వైపు, అంటే బ్రౌజరులో కనిపించే భాగం మీద, పని చేసేదాన్ని కాబట్టి, మీకు ఇంకా ఎదురుకాని ఒక గోతిని ముందే చూపిస్తాను. మీరు కోడు రాసేది విండోస్‌లో, అది నడిచేది లోపలి లినక్స్‌లో. మధ్యలో వర్చువల్‌బాక్స్ పంచుకునే ఫోల్డరు ఉంటుంది. విండోస్ వైపు ఫైలు మారినప్పుడు 'ఈ ఫైలు మారింది' అనే కబురును లోపలి కెర్నెల్‌కు ఆ ఫోల్డరు అందించదు. జాంగో రన్‌సర్వర్ మామూలుగా ప్రతి సెకనుకూ ఫైళ్ల సమయాలను తానే చూసుకుంటుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. కానీ వీట్ వంటి ముందు వైపు పనిముట్లు ఆ కబురు కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటాయి. మీరు సీఎస్ఎస్‌లో రంగు మార్చినా పేజీ కదలదు. వాటి సెట్టింగులలో పోలింగ్ (ఫైళ్లను తానే పదేపదే చూసుకోవడం) అన్నది ఆన్ చేయాలి. ప్రాసెసర్ కొంచెం ఎక్కువ తింటుంది, తప్పదు.

జావాస్క్రిప్ట్ లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పంచుకునే ఫోల్డరులో ఉంచకండి. వేల కొద్దీ చిన్న ఫైళ్లను ఆ సందులోంచి చదవడం చాలా నెమ్మది. పైగా ఆ లైబ్రరీలను ఎక్కించే ఎన్‌పీఎం అందులో సింబాలిక్ లింకులు (వేరే ఫైలును చూపే గుర్తులు) పెట్టబోతే విండోస్ ఒప్పుకోక మధ్యలో విఫలమవుతుంది. వాటిని లోపలి మెషీన్ సొంత డిస్కులోనే ఉంచాలి.

మూడోది నన్ను రెండు రోజులు ఏడిపించింది. ఎన్‌జిన్‌ఎక్స్ ద్వారా స్టాటిక్ ఫైళ్లు ఇస్తున్నప్పుడు, నేను మార్చిన జావాస్క్రిప్ట్ ఫైలు పాత రూపంలోనే వచ్చేది, లేదా చివర తెగిపోయి వింత గుర్తులతో వచ్చేది. బ్రౌజరు క్యాష్ అనుకుని ఎన్నిసార్లు తుడిచానో లెక్కలేదు. ఫైలును కెర్నెల్ ద్వారా నేరుగా పంపే సెండ్‌ఫైల్ అనే సౌకర్యానికీ వర్చువల్‌బాక్స్ ఫోల్డరుకూ పడదట. డెవలప్‌మెంట్ మెషీన్‌లో మాత్రం ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో సెండ్‌ఫైల్ ఆఫ్ అని పెట్టుకోవాలి.

పాతకాపు
సోమవారం, రాత్రి 9:15

వానకోయిల గారి జాబితాకు ఒక చిన్న చేర్పు. విండోస్‌లో గిట్ కొన్నిచోట్ల లైను చివరలను తన పద్ధతికి మారుస్తుంది. ఆ స్క్రిప్టు లినక్స్‌కు చేరాక బాష్ పేరు చివర కనబడని ఒక అక్షరం అతుక్కుని, అలాంటి ఇంటర్‌ప్రెటర్ లేదంటుంది. రెపోలో గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, షెల్ స్క్రిప్టులన్నీ లినక్స్ లైను ముగింపు అయిన ఎల్ఎఫ్‌తోనే ఉండాలని రాస్తే ముగ్గురి దగ్గరా ఒకేలా ఉంటుంది. ఎవరి గిట్ సెట్టింగు వారు మార్చుకుంటారులే అనుకోవద్దు, మరిచిపోతారు.

బీటీఎం బాటసారి
మంగళవారం, రాత్రి 10:40

ఇవన్నీ స్క్రిప్టులోకి ఎక్కించాను. లినక్స్ వాడే మిత్రుడు కూడా రెపో దించుకుని తన మెషీన్ లేపాడు. ఆయన ఖాళీ ఐఎస్ఓ నుంచి తానే చేసుకున్న చిన్న బాక్సు వాడాడు, నేను బెంటోది వాడాను. తేడా ఏమీ ఉండదనుకున్నాం. ఈ రోజు ఆయన దగ్గర ఒక విచిత్రం కనిపించింది. పుస్తకం పేరు గడిలో పెద్ద తెలుగు శీర్షిక ఒకటి ఎక్కించబోతే, 100 అక్షరాల పరిమితి దాటిందని పోస్ట్‌గ్రెస్ తిప్పికొట్టింది. లెక్కపెడితే ఆ శీర్షికలో నలభైకి మించి లేవు. ఇంగ్లీషు శీర్షికలు మామూలుగానే ఎక్కుతున్నాయి. నా దగ్గర తెలుగు కూడా ఎక్కుతోంది.

నెల్లూరు నెమలి
మంగళవారం, రాత్రి 11:20

బాటసారి గారూ, మీ మిత్రుణ్ణి పోస్ట్‌గ్రెస్‌కు ఆదేశాలిచ్చే పీఎస్‌క్యూఎల్‌లోకి వెళ్లి డేటాబేస్‌ల జాబితా చూడమనండి. ఎన్‌కోడింగ్ అన్న నిలువు వరుసలో ఎస్‌క్యూఎల్ ఆస్కీ అని ఉంటుంది. మీ దగ్గర యూటీఎఫ్-8 అని ఉంటుంది.

ఉబుంటులో పోస్ట్‌గ్రెస్ ప్యాకేజీ ఎక్కే క్షణంలో ఆ మెషీన్‌లో ఏ లొకేల్ (భాష, అక్షరాల అమరిక) ఉందో చూసి, దాన్ని బట్టి తన క్లస్టర్‌ను (డేటాబేస్‌ల సముదాయాన్ని) సిద్ధం చేసుకుంటుంది. ఏ లొకేలూ పెట్టని బోడి మెషీన్‌లో అది సీ అనే ప్రాథమిక లొకేల్‌గా మిగిలి, ఎన్‌కోడింగ్ ఎస్‌క్యూఎల్ ఆస్కీ అవుతుంది. ఆ స్థితిలో డేటాబేస్ అక్షరాలను గుర్తించదు, బైట్లను మాత్రమే లెక్కపెడుతుంది. తెలుగు లిపి యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉంది. అందులోని ప్రతి సంకేతానికీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడతాయి. మనం ఒక్క అక్షరంగా పలికే 'శ్రీ' శకారం, పొల్లు, రకారం, దీర్ఘ గుడి కలిసి నాలుగు సంకేతాలు, అంటే పన్నెండు బైట్లు. అందుకే 100 అన్న పరిమితి అక్కడ 33 సంకేతాలకే నిండిపోతోంది. జాంగో ఫారం తన వంతుగా పైథాన్‌లో సంకేతాలను లెక్కపెట్టి సరేనంటుంది, ఆ తరువాత డేటాబేస్ కాదంటుంది; వాడేవారికి కనబడేది 500. ఇంగ్లీషు అక్షరానికి ఒకే బైటు కాబట్టి ఇంగ్లీషు మాత్రమే రాసి పరీక్షించేవారికి ఈ లోపం ఎన్నటికీ కనబడదు.

నివారణ సులభమే. స్క్రిప్టులో పోస్ట్‌గ్రెస్ ఎక్కించే లైనుకు ముందే యూటీఎఫ్-8 లొకేల్ తయారుచేసి దాన్ని అమలులో పెట్టే లైన్లు ఉండాలి. అంతేకాక డేటాబేస్ సృష్టించే ఆదేశంలో కూడా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అనీ, మూస టెంప్లేట్0 అనీ స్పష్టంగా రాయండి. బాక్సు ఇస్తుందిలే అని దేనినీ వదిలేయకూడదు. సర్వర్‌లో ఏముందో చూసి అదే రాయాలి.

లొకేల్ మాట వచ్చింది కనుక, గ్రంథాలయం కాబట్టి ఇంకొకటి. వరుస క్రమం కూడా దాని మీదే ఆధారపడుతుంది. సీ క్రమంలో సంకేతాల సంఖ్యను బట్టే వరుస ఉంటుంది. యూనికోడ్‌లో 'ళ' వెంటనే 'ల' తరువాత వస్తుంది, 'వ' దాని తరువాత. అందువల్ల జాబితాలో 'కళ' ముందు, 'కవి' తరువాత కనిపిస్తాయి. మనం బడిలో చదివిన వర్ణమాలలో 'ళ' హకారం తరువాతది, కాబట్టి ఆ లెక్కన 'కవి' ముందు రావాలి. బీరువాలో పుస్తకాలు సర్దే పెద్దలు దీన్ని పట్టుకుని అడుగుతారు, మా ఊరి గ్రంథాలయంలో అడిగారు కూడా. ఏ క్రమం కావాలన్నది మీ సంఘం ఇష్టం; సర్వర్‌లోను, మూడు మెషీన్లలోను ఒకటే ఉంటే చాలు.

మారతహళ్లి మజ్జిగ
బుధవారం, ఉదయం 7:55

'శ్రీ'కి పన్నెండు బైట్లన్న సంగతి నాకు ఇన్నేళ్లలో తట్టలేదు. మా ఆఫీసు టెస్ట్ డేటా అంతా ఇంగ్లీషే. ఇవాళే పది తెలుగు పేర్లు చేరుస్తాను.

బీటీఎం బాటసారి
బుధవారం, రాత్రి 9:30

నెమలి గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజమైంది. ఇకపై ముగ్గురం ఒకే బాక్సు వాడాలని కూడా నిర్ణయించుకున్నాం.

రెండు ప్రశ్నలు మిగిలాయి. మొదటిది, సర్వర్‌లోని అసలు సమాచారాన్ని మెషీన్లలోకి తెచ్చుకోవడానికి పోస్ట్‌గ్రెస్ డేటా ఫోల్డరును అలాగే నకలు చేసుకోవచ్చా? రెండవది, ఎం2 మ్యాక్‌బుక్ ఉన్న మా మూడో సభ్యురాలికి ఈ వేగ్రాంట్‌ఫైల్ పని చేస్తుందా?

పాతకాపు
బుధవారం, రాత్రి 10:18

ఫోల్డరును నకలు చేయవద్దు. నడుస్తున్న డేటాబేస్ ఫోల్డరును అలా తీస్తే అది సగం రాసిన స్థితిలో చిక్కవచ్చు. ఆపి తీసినా, లోపలి జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) సంచిక వేరైతే అక్షరక్రమం మారి ఇండెక్సులు తప్పుదారి పడతాయి. 2018లో వచ్చిన 2.28 సంచికతో ఎందరో ఇలా దెబ్బతిన్నారు. సమాచారాన్ని ఒక ఫైలుగా రాసే పోస్ట్‌గ్రెస్ ఆదేశం పీజీ డంప్‌తో తీసి, లోపల తిరిగి ఎక్కించడమే మార్గం.

అయితే అంతకుముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఆ డంప్‌లో పాఠకుల ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు ఉంటాయి కదా? అవి మూడు ల్యాప్‌టాపుల్లో ఎందుకుండాలి? బస్సులో బ్యాగు పోగొట్టుకున్నవారు మనలోనే ఉన్నారు. పుస్తకాల పట్టికను మాత్రం అలాగే తెచ్చుకోండి, అందులో దాచవలసింది లేదు. పాఠకుల పట్టికను సర్వర్‌లోనే ఒక స్క్రిప్టుతో కల్పిత పేర్లకు, కల్పిత నంబర్లకు మార్చి ఆ తరువాతే డంప్ తీయండి. ఆ కల్పిత పేర్లు తెలుగులో ఉండాలని నెమలి గారు మళ్లీ చెప్పనక్కరలేదనుకుంటాను.

హెబ్బాళ చెరువు
గురువారం, ఉదయం 6:45

మ్యాక్ విషయం నేను చెబుతాను, నాదీ అదే జాతి. ఎం2లో ఉన్నది ఆర్మ్ ప్రాసెసర్. వర్చువల్ మెషీన్ లోపలి ఆదేశాలు అసలు ప్రాసెసర్ మీదే నడవాలి కాబట్టి, ఇంటెల్ కోసం తయారైన బాక్సు అక్కడ లేవదు. దాన్ని ఎమ్యులేషన్‌తో (ఇంటెల్ ప్రాసెసర్‌ను అనుకరించి) నడపవచ్చు కానీ ఆ వేగం చూశాక బాటసారి గారు తమ తాబేలును ముద్దు పెట్టుకుంటారు. ఉపాయం ఏమిటంటే ఉబుంటు 22.04 ఆర్మ్ రూపాన్ని వాడడం. అందులోనూ అదే పైథాన్ 3.10, అదే పోస్ట్‌గ్రెస్ 14, అవే ప్యాకేజీల పేర్లు. మీ షెల్ స్క్రిప్టులో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు.

వర్చువల్‌బాక్స్ 2024లో వచ్చిన 7.1 సంచిక నుంచి యాపిల్ చిప్పు మ్యాక్‌ల మీద ఆర్మ్ మెషీన్లను నడుపుతోంది. అది కుదరకపోతే ఉబుంటును తయారుచేసే కెనానికల్ వారి వర్చువల్ మెషీన్ పనిముట్టు మల్టీపాస్‌తో 22.04 మెషీన్ ఒకటి లేపి, అదే స్క్రిప్టును లోపల చేతితో ఒకసారి నడిపినా సరిపోతుంది. నేను చేసుకునేది అలాగే. జాగ్రత్త పడవలసింది ఒక్కచోటే: ఆర్మ్ కోసం ముందే కంపైలు చేసిన రూపం లేని పైథాన్ లైబ్రరీ ఏదైనా మీ జాబితాలో ఉంటే అది అక్కడికక్కడ కంపైలు కావాలి. కాబట్టి బిల్డ్ ఎసెన్షియల్, పైథాన్ డెవ్, లిబ్‌పీక్యూ డెవ్ ప్యాకేజీలు స్క్రిప్టులో ఉండేలా చూడండి.

బీటీఎం బాటసారి
ఆదివారం, మధ్యాహ్నం 1:05

నిన్న ముగ్గురం జయనగర్‌లో కలిశాం. మూడో సభ్యురాలు మల్టీపాస్‌తోనే లేపింది. లిబ్‌పీక్యూ డెవ్ లేక మొదటిసారి ఆగింది, చేర్చాక వచ్చింది. ఆ లైను ఇప్పుడు అందరి స్క్రిప్టులోను ఉంది. ఆ తరువాత పరీక్ష కోసం నా మెషీన్‌ను అందరి ముందూ డెస్ట్రాయ్ చేశాను. చెయ్యి కొంచెం వణికింది. దోసెలు వచ్చి, తిని, కాఫీ తాగేలోపు మళ్లీ లేచింది, పుస్తకాలన్నీ ఉన్నాయి.

ఒక చిన్న తేడా మాత్రం మిగిలింది. గడువు దాటిన పుస్తకాల జాబితాను ఉదయం 6 గంటలకు తయారుచేసే క్రాన్ సర్వర్‌లో సరిగ్గా నడుస్తోంది, నా మెషీన్‌లో మాత్రం పదకొండున్నరకు నడుస్తోంది.

వైట్‌ఫీల్డ్ వానకోయిల
ఆదివారం, మధ్యాహ్నం 1:22

ఐదున్నర గంటల తేడా అంటేనే విషయం తెలిసిపోతోంది. మీ బాక్సు యూటీసీలో ఉంది, సర్వర్ భారత కాలంలో ఉంది. స్క్రిప్టులో టైమ్‌డేట్‌సీటీఎల్‌తో ఏషియా/కోల్‌కతా అని పెట్టి, క్రాన్ సేవను ఒకసారి రీస్టార్ట్ చేయండి. లేకపోతే అది పాత కాలాన్నే పట్టుకుని ఉంటుంది.

బీటీఎం బాటసారి
సోమవారం, ఉదయం 6:02

ఆరు గంటలకే నడిచింది. ఎస్పీ రోడ్డు గారూ, మూత తీసి చూశాను, రెండో స్లాటు ఖాళీగానే ఉంది, ఇప్పుడున్నది డీడీఆర్4. శనివారం పదకొండుకల్లా వస్తాను.